స్నోమొబైల్ బెల్టు ఊడి రాకపోతే

స్నోమొబైల్‌లో ఇంజన్ షాఫ్టు మీద ఒక క్లచ్, ట్రాక్‌ను తిప్పే వైపు మరో క్లచ్, రెండింటినీ కలుపుతూ ఒక రబ్బరు బెల్టు ఉంటాయి. మన వీధుల్లో తిరిగే గేర్లు లేని స్కూటర్లలో ఉన్నదీ ఈ ఏర్పాటే.

బండి ఆగి ఉన్నప్పుడు మొదటి క్లచ్ పళ్ళేలు విడివడి ఉంటాయి. రెండో దానివి స్ప్రింగు బలంతో దగ్గరికి చేరి ఉంటాయి. అందుకే బెల్టు తీయడానికి తెరవాల్సింది రెండోదాన్నే. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, బ్రేకు బిగించి ఆ పళ్ళేలను ఎడం చేస్తే బెల్టు లోపలికి దిగి వదులవుతుంది.

అవి కదలకపోతే ముందు చూడాల్సింది బెల్టు ఎక్కడ కూర్చుందన్నదే. రెండో క్లచ్ అంచు దగ్గర కాక లోతుగా దిగి ఉంటే, బండి ఉన్నపళంగా ఆగినప్పుడు అక్కడే ఇరుక్కుపోయి ఉండొచ్చు. ట్రాక్‌ను నేల నుంచి పైకెత్తి, బ్రేకు వదిలి, చేత్తో తిప్పితే చాలాసార్లు యథాస్థానానికి వస్తుంది. అప్పటికీ రాకపోతే అనుమానించాల్సింది మొదటి క్లచ్‌ను: విరిగిన స్ప్రింగు, అరిగిన బుష్‌లు, పేరుకున్న బెల్టు పొడి.

స్క్రూడ్రైవర్‌తో పెకలించడం మాత్రం ఎంత తొందరలోనూ తగదు. పళ్ళెం మీద పడిన చిన్న గాటు కూడా కొత్త బెల్టును కొరికేస్తుంది. నూనె పూయడం అంతకన్నా చేటు, జిడ్డు తగిలిన బెల్టు జారిపోతుంది. గాలి కొట్టి పొడి దులిపి, పొడిగుడ్డతో తుడవాలి. మొదటి క్లచ్ మూత వెనుక స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది కనుక దాన్ని విప్పే పని తగిన పనిముట్లున్న మెకానిక్‌దే.