ఐదుగురికీ ఒకే మార్కా?



ఈ వారం మన ధ్యానం ఒక ప్రశ్నతో మొదలవుతోంది. మన సంఘ సహోదరి ఒకరు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతారు. సముద్ర జీవశాస్త్రం పాఠంలో ఐదుగురేసి పిల్లలను ఒక జట్టుగా చేసి, జట్టుకొక అంశం ఇచ్చి, తరగతి ముందు నిలబడి చెప్పమన్నారు. ఒక జట్టుకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు, ఒక జట్టుకు మడ అడవులు, ఒక జట్టుకు పులస. ఇంటర్నల్ మార్కులు దానిమీదే. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె మమ్మల్ని అడిగారు: "అయ్యగారూ, పని ఐదుగురూ కలిసి చేస్తారు కదండీ. మార్కు అందరికీ ఒకటే వేయాలా, ఎవరిది వారికి వేయాలా? ఎలా వేసినా ఎవరికో ఒకరికి అన్యాయం జరిగేలా ఉంది."

తేలిక ప్రశ్న కాదు. అందరికీ ఒకే మార్కు వేస్తే, పుస్తకం తెరవనివాడు కూడా పక్కవారి కష్టంమీద గట్టెక్కిపోతాడు. ఎవరిది వారికే వేస్తే, ఎవరి ముక్క వారు బట్టీ పట్టి, పక్కవాడు తడబడుతుంటే చూస్తూ కూర్చుంటారు. ధారాళంగా మాట్లాడేవారికే ఎక్కువ వేస్తే, విషయం తెలిసి కూడా నోరు తిరగనివాడు వెనకబడిపోతాడు.

పులస జట్టులో ముగ్గురు మన సంఘపు పిల్లలే. వారి అనుమతితోనే, పేర్లు లేకుండా ఇది రాస్తున్నాం. శనివారం సాయంత్రాలు ఐదుగురూ మన మందిరంలోనే సాధన చేశారు. మేమూ, సంఘపెద్దలు కొందరూ వెనక బల్లమీద కూర్చుని విన్నాం.

మొదటి అమ్మాయి చేప గురించి చెప్పింది. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస, గోదావరిలోకి వచ్చి వరదకు ఎదురీదితే పులస. రెండో అమ్మాయి దాని శరీరంలో జరిగే మార్పు చెప్పింది. ఉప్పునీటిలో ఉన్నప్పుడు చేప నీరు తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతుంది. మంచినీటిలోకి రాగానే పని తలకిందులవుతుంది. ఒంట్లోకి చేరే నీటిని మూత్రపిండాలు బయటికి తోడేయాలి, మొప్పలేమో నీటిలోని కాస్త ఉప్పును పట్టి దాచుకోవాలి. గుడ్లు పెట్టడం కోసం ఆ చేప ఇంత కష్టానికి ఓర్చుకుంటుంది.

మూడో అబ్బాయి ఆనకట్టల గురించి చెప్పాడు. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించబట్టి మన కోనసీమ కాలువల్లో నీళ్లు పారాయి, మన కంచాల్లోకి అన్నం వచ్చింది. అదే ఆనకట్ట పులస దారికి అడ్డమైంది. గంగమీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక అక్కడి ఇలిస చేపకూ అదే కష్టం వచ్చిందట. నాలుగో అబ్బాయి వంతు వేట నిషేధం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవలు వేటకు వెళ్లకూడదు. అతడు ఆ నాలుగు ముక్కలూ సెల్‌ఫోనులో చూసి చదివేసి కూర్చున్నాడు.

ఐదో అబ్బాయిది అంతర్వేది వైపు పాలెం. తండ్రి, తాత వేట చేసినవారే. మాట మొదలుపెట్టేటప్పుడు నత్తి వస్తుంది. అందుకని మిగతావారు ప్రేమతోనే, "నువ్వు కంప్యూటర్ దగ్గర కూర్చుని స్లైడ్లు మార్చు చాలు" అన్నారు. అతడూ సరేనన్నాడు.

రెండో శనివారం మన పెద్దలలో ఒకరు అడిగారు: "ఏమ్మా, పులస జూలై నుంచి సెప్టెంబరు అని రాశారు. క్యాలెండరు చూసుకుని వస్తుందేటి?" నలుగురూ మొహాలు చూసుకున్నారు. అప్పుడు ఐదో అబ్బాయి, ఆగి ఆగి, చెప్పాడు. ఎర్రనీరు రావాలండి, అన్నాడు. వశిష్ఠ సముద్రంలో కలిసేచోట వరద ఎర్రగా దిగుతుంది, ఆ నీరు తగిలితే చేప ఏటివైపు తిరుగుతుంది, ఎర్రనీరు ఆలస్యమైన ఏడు పులసా ఆలస్యమే అన్నాడు. ఈ ముక్క చెప్పడానికి చాలాసేపు పట్టింది. నవ్వినవారు లేరు. చెప్పడం అయ్యాక మొదటి అమ్మాయి తన కాగితంమీద ఒక వాక్యం కొట్టేసి మళ్లీ రాసుకుంది.

ప్రియులారా, గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం తెరవండి. రెండో వచనంలో పౌలు భక్తుడు మనం ఒకరి భారాలు ఒకరం మోయాలంటాడు. మూడు వచనాలు దాటగానే, ఐదో వచనంలో, ఎవరి బరువు వారే మోసుకోవాలంటాడు. పైపైన చదివితే ఒకదానికొకటి పొసగనట్టు ఉంటుంది. గ్రీకు మూలంలో చూస్తే అవి రెండు వేరు వేరు మాటలు. రెండో వచనంలో 'బారోస్' అంటే మనిషిని కుంగదీసే భారం. ఐదో వచనంలో 'ఫోర్టియోన్' అంటే ఎవరికి వారు మోయవలసిన మూట. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఓడలోని సరుకుకు వాడినదీ ఈ మాటే. సరుకు మోయడానికే ఓడ ఉన్నది. అది లేకుండా తేలికగా తిరిగితే ఓడ చేసే పనేమీ లేదు.

ఆ అబ్బాయి నత్తి భారం. దాన్ని ఐదుగురూ కలిసి మోయాలి. ఆ నాలుగో అబ్బాయి చదవవలసిన పాఠం మూట. దాన్ని మిగతా నలుగురూ మోసిపెడితే అది ప్రేమ కాదు, అతడికి చెరుపు చేయడమే.

నిర్గమకాండము 4వ అధ్యాయంలో మోషే కూడా తన నాలుక మందమని దేవునితో వాదించాడు. దేవుడు అతణ్ణి ఇంటికి పంపేయలేదు, స్లైడ్లు మార్చమనీ అనలేదు. అహరోనును తోడు ఇచ్చాడు, కర్ర మాత్రం మోషే చేతిలోనే ఉంచాడు.

సహోదరి ప్రార్థన చేసుకుని ఒక పద్ధతి పెట్టారు. మొత్తం 25 మార్కులు. అందులో 10 జట్టు అంతటికీ ఒకటే, అంశం ఎంత బాగా తయారైందన్నదానికి. మిగతా 15 ఎవరిది వారికి. వాటిలో భాషకు తక్కువ, ప్రశ్నకు చెప్పే జవాబుకు ఎక్కువ. ప్రశ్న కూడా తన ముక్క మీద కాదు, చీటీ తీసి పక్కవాడి ముక్క మీద అడుగుతారు. అందువల్ల పక్కవాడికి నేర్పించక తప్పదు, తాను నేర్చుకోకా తప్పదు. తెలుగులో చెప్పినా చెల్లుతుంది. చివర్లో తోటివారిలో ఎవరు ఏ పని చేశారో ప్రతివారూ ఒక కాగితంమీద రాసి ఇవ్వాలి.

ఆ రోజు ఐదో అబ్బాయి ఎర్రనీటి సంగతి తానే చెప్పాడు. ఆగినచోట మిగతావారు మాట అందించలేదు, ఆగి ఉన్నారు. అతడికి ఎన్ని మార్కులు వచ్చాయో మేము అడగలేదు.

నాలుగో అబ్బాయికి తక్కువ వచ్చాయి. వాళ్లమ్మగారు మా ఇంటికి వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నారు. "అందరికీ బాగా వచ్చి మావాడికే తగ్గాయి అయ్యగారూ. మేడంగారు మన సంఘమే కదా, ఒక మాట చెప్పండి" అన్నారు. ఆ మాట మేము చెప్పలేదు. "జట్టు మార్కు మీవాడికీ పూర్తిగా ఇచ్చారమ్మా. తగ్గింది వాడి సొంతది. దాన్ని వాడే సంపాదించుకోవాలి" అన్నాం. తల్లి మనసు నొచ్చుకుంది, మాకూ బాధ అనిపించింది. అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు, ఏమీ అనలేదు. తర్వాతి సెమినారుకు జట్లు కట్టేటప్పుడు మాత్రం ఆ నలుగురూ అతణ్ణి వదలలేదు, మళ్లీ పిలుచుకున్నారు.

మన సంఘం కూడా ఒక జట్టే. క్రిస్మస్ రోజున మైకు ముందు నిలబడేవారు మనకు కనబడతారు. తెల్లవారుజామున డేగిసాలు తోమిన తల్లులు కనబడరు. మొదటి కొరింథీ 12వ అధ్యాయంలో శరీరం గురించి చదివినప్పుడల్లా కన్నునూ చేతినీ తలచుకుంటాం గానీ, లోపల దాగి ఉన్న అవయవాలను తలచుకోం. ఈ వారం మన ఇళ్లలో ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఎవరి భారం చూసీ చూడనట్టు పోతున్నాం? మన మూట ఎవరి నెత్తిన పెట్టాం?

ఒక్క సంగతి మరచిపోవద్దు. మన రక్షణ మార్కులతో వచ్చినది కాదు. మనం మోయలేని భారాన్ని ప్రభువు సిలువమీద మోశాడు. ఆయన మోశాడు గనుకనే మన చిన్న మూట మోయడానికి మనకు బలం ఉంది.

ప్రభువా, నోరు తిరగని నీ బిడ్డలకు ఓపికగా వినే తోడును ఇయ్యుము. కష్టానికి వెనకాడే నీ బిడ్డలకు సిగ్గుతోపాటు ఇంకొక అవకాశమును ఇయ్యుము. పరీక్షలు రాస్తున్న మా పిల్లలను, వారికి మార్కులు వేసే గురువులను నీ న్యాయములోను నీ కనికరములోను నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.