బండి అందుకోనప్పుడు

పల్లె సంఘములలో పాత జీపు ఒక్కరి సొత్తు కాదు. ఆదివారము ముసలివారిని ఆరాధనకు తెచ్చేది అదే. పెండ్లికి వంటపాత్రలు మోసేది అదే. నడిరాత్రి నొప్పులు పడుచున్న తల్లిని తారురోడ్డు వరకు చేర్చేది కూడ అదే. 2005లో మన రాష్ట్రములో 108 అంబులెన్సులు మొదలైన తరువాత ఎంతో మేలు జరిగినది. అయినను వాగు అవతలి పల్లెలనుండి రోగిని రోడ్డు దాకా తెచ్చే పని ఇంకను మనమీదనే ఉన్నది. కాబట్టి తాళము తిప్పగానే ఇంజను అందుకొనునా లేదా అన్నది మనకు చిన్న సంగతి కాదు.

మా జీపు పాతికేండ్లు దాటిన డీజిలు బండి. గత చలికాలములో తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే అది నీరసముగా రెండు చుట్లు మూలిగి ఆగిపోవుచుండెను. బజారులో ఒక దుకాణదారుడు మూత కూడ ఎత్తి చూడకుండానే, "బ్యాటరీ పోయింది, కొత్తది వేయండి" అన్నాడు. కొత్త బ్యాటరీ అంటే వేల రూపాయలు. మా సంఘములో ఆ సొమ్ము వచ్చేది స్త్రీలు పూటపూటకు తీసిపెట్టే పిడికెడు బియ్యమునుండియే. పరీక్షింపకుండ దానిని ఖర్చు చేయరాదని పెద్దలతో కలసి నిర్ణయించుకొన్నాము. ఎన్నో ఏండ్లుగా బండ్ల వైరింగు పనిలోనే ఉన్న ఒక పెద్దాయన వద్దకు జీపును తీసికొని వెళ్ళాము. "అయ్యగారూ, బ్యాటరీ కొనడానికేముంది, ఎప్పుడైనా కొనవచ్చు. కరెంటు దారిలో ఎక్కడ పోతోందో ముందు చూద్దాం" అన్నాడాయన. ఆ పూట నేర్చుకొన్న సంగతులు మీ ఇంటి ట్రాక్టరుకు కూడ పనికివచ్చునని ఇక్కడ వ్రాయుచున్నాము.

ఇంజను నీరసముగా తిరుగుట వేరు, చురుకుగా తిరిగి కూడ అంటుకొనకపోవుట వేరు. చురుకుగా తిరిగినట్లయితే బ్యాటరీని, సెల్ఫ్ మోటారును అనుమానింపనక్కరలేదు. డీజిలు ఉన్నదా, ఫిల్టరు మూసుకొనిపోయినదా, పైపులలో గాలి చేరినదా, హీటరు ప్లగ్గులున్న బండియైతే అవి వేడెక్కుచున్నవా అని చూడవలెను. నీరసముగా తిరిగితే మాత్రము బ్యాటరీనుండి సెల్ఫ్ మోటారు వరకు, అక్కడనుండి మరల బ్యాటరీ వరకు ఉన్న దారిని వెదకవలెను.

డీజిలు ఇంజనుకు ఈ వేగము మరీ ముఖ్యము. అందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. పిస్టను గాలిని సుమారు ఇరువదవ వంతుకు నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిలు మండును. మెల్లగా నొక్కితే ఆ వేడి చల్లని ఇనుములోనికి పోవును. చలికి ఇంజను ఆయిలు చిక్కబడును, బ్యాటరీ బలము తగ్గును. అందుకే మధ్యాహ్నము ఒక్క మాటుతో అందుకొనే బండి తెల్లవారుజామున మొరాయించును.

మీటరు లేనివారు హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టి చూడవచ్చును. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ బలహీనమై ఉండవచ్చును. పూర్తిగా ఆరిపోతే టెర్మినల్ వదులుగా ఉన్నదేమో చూడండి. లైట్లు తగ్గకుండ 'టక్'మని శబ్దము మాత్రమే వస్తే సొలినాయిడ్‌ను గాని సెల్ఫ్ మోటారులోని కార్బన్ బ్రష్షులను గాని చూపించవలెను.

మీటరు ఉంటే సంగతి ఇంకను తేటపడును. రాత్రంతా నిలిపిన బండిలో మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12.2 ఉంటే సగము ఛార్జి మాత్రమే ఉన్నట్లు. సెల్ఫ్ కొట్టుచుండగా 9.6కు దిగువకు పడిపోరాదు. ఇంజను నడుచునప్పుడు 13.8 నుండి 14.4 వరకు లేకపోతే ఫ్యాన్ బెల్టును, ఆల్టర్నేటరును చూడవలెను.

మా బ్యాటరీ ఈ పరీక్షలన్నిటిలో నెగ్గినది. అప్పుడు పెద్దాయన మీటరు ఒక ముల్లును బ్యాటరీ నెగెటివ్ కొనకు, రెండవదానిని ఇంజను ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టమన్నాడు. అక్కడ పావు వోల్టు మించరాదు, కాని మీటరు 1.6 చూపినది. ఇంజను రబ్బరు దిండ్లమీద కూర్చుండును గనుక కరెంటు ఛాసిస్‌లోనికి నేరుగా పోలేదు. రెంటిని కలుపుటకు అల్లిక రాగితో చేసిన ఎర్తు పట్టీ ఒకటి ఉండును. మా బండిలో అది పచ్చగా చిలుము పట్టి, సగము పోగులు తెగి వ్రేలాడుచున్నది. దారి దొరకని కరెంటు యాక్సిలరేటరు కేబులు గుండా పోవుటచేత అది చేతికి వేడిగా తగిలినది.

అంత చిన్న పట్టీకి ఇంత బలమా అని మీరనవచ్చును. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు లాగుచున్నదనుకొనండి. దారిలో ఒక ఓములో నూరవ వంతు అడ్డు ఉన్నను 2 వోల్టులు అక్కడే ఖర్చగును. హారనుకు, చిన్న బల్బుకు ఆ అడ్డు తెలియదు. హారను మోగుచున్నది గనుక వైరింగు బాగున్నదని అనుకొనుట అందుకే ప్రమాదము.

పట్టీ మార్చి, బోల్టు కూర్చుండే చోట రంగు, తుప్పు గీకి బిగించాము. ఖర్చు వందలలోనే తీరినది. మరునాటి తెల్లవారుజామున జీపు మొదటి మాటుకే అందుకొన్నది.

మీరును ఈ పని చేయునప్పుడు కొన్ని జాగ్రత్తలు తీసికొనండి. గేరు న్యూట్రలులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రములకు రాళ్ళు పెట్టండి. పరీక్ష చేయునంతసేపు ఇంజను అంటుకొనకుండ డీజిలు స్టాపు కేబులు లాగి ఉంచండి. ఒక్కొక్కసారి 10 సెకండ్లు మించి సెల్ఫ్ కొట్టవద్దు. బ్యాటరీనుండి వెలువడే గాలి అంటుకొనే గుణము గలది గనుక బీడీ, దీపము దగ్గరకు రానీయవద్దు. వైర్లు విప్పునప్పుడు నెగెటివ్ ముందు తీయండి, బిగించునప్పుడు చివర బిగించండి. టెర్మినళ్ళ మీది తెల్లని పూతను తినే సోడా కలిపిన వేడినీళ్ళతో కడగవచ్చును గాని ఆ నీరు సెల్లులలో పడకూడదు. నీళ్ళు పోసే రకము బ్యాటరీకి వేసవిలో నెల నెలా డిస్టిల్డ్ వాటరు చూడవలెను.

బ్యాటరీయే చెడినదని పరీక్షలో తేలితే కొనుటకు వెనుకాడవద్దు. అయితే చలి ముదరకముందే, పగటివేళ, సంఘములోని యౌవనులను పిలిచి వారిచేతనే ఈ పరీక్షలు చేయించండి. వచ్చిన అంకెలను తేదీతో ఒక చిన్న పుస్తకములో వ్రాసి బండిలోనే ఉంచండి. వచ్చే ఏడు ఏది తగ్గినదో ఆ పుస్తకమే మీకు చెప్పును.