మండువాకు మళ్లీ ఆకాశం

పాత ఇల్లు కొనడం ఒక ఎత్తు. అంతకుముందున్నవాళ్లు చేసిన మరమ్మతులను మళ్లీ మరమ్మతు చేయడం ఒక ఎత్తు! కోనసీమలో ఓ మండువా లోగిలిని బాగుచేసుకుంటున్న దంపతుల అనుభవం అదే చెబుతోంది.

రోహిణి కార్తె. బయట రోళ్లు పగిలే ఎండ. అలాంటి రోజున కూడా ఇంటిగోడ మీద చెయ్యి వేస్తే చల్లగా, తడితడిగా తగిలిందనుకోండి... సంతోషించకండి. ఆ గోడకి జబ్బు చేసిందని అర్థం. కోనసీమలో పాత ఇళ్లు చాలావాటికి ఇప్పుడు ఈ జబ్బే. విచిత్రమేమిటంటే, అది ముసలితనంతో వచ్చింది కాదు. ఎవరో వేసిన మందు వికటించి వచ్చింది!

రాజమహేంద్రవరం నుంచి జాతీయ రహదారి మీద బయల్దేరి, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి రావులపాలెంలో ఎడమకు తిరిగితే కొత్తపేట మీదుగా అమలాపురం దారి. ఓ పక్క కాలువ, ఓ పక్క కొబ్బరితోటలు. ఈ పచ్చదనం వెనక 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. కాలువల్లో నీళ్లు పారాయి, పొలాలు పండాయి, ఆ పంట డబ్బుతో పల్లెల్లో పెద్దపెద్ద లోగిళ్లు లేచాయి. వాటిలో రాజసం మండువా ఇంటిదే. నాలుగువైపులా గదులు, వసారాలు... నడిమధ్యన ఆకాశానికి తెరిచిన చతురస్రం. నాలుగు వాలుల మీంచి వాన ఆ నడిమిలోకి దూకుతుంది. అక్కణ్నుంచి తూములోంచి పెరట్లోకి వెళ్లిపోతుంది. వెలుతురు, గాలి, వాన... అన్నీ ఇంటి మధ్యకే చుట్టాల్లా వచ్చిపోతాయన్నమాట.

అమలాపురం దారికి కాస్త పక్కగా ఉన్న ఓ ఊళ్లో, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయ దంపతులు అలాంటి ఇంటినే కొనుక్కున్నారు. వందేళ్లు దాటిన ఇల్లు. టేకు స్తంభాలు, చెక్కుడు పనితో సింహద్వారం. చూసినవాళ్లంతా 'కలప అమ్మేసినా మీ డబ్బు మీకొస్తుంది' అన్నారట. వాళ్లకు మాత్రం కావాల్సింది కలప కాదు, ఇల్లు. కానీ లోపలికి వెళ్లి చూస్తే...

రెండు టన్నుల మూత

అసలు మండువానే లేదు! పాత ఆసామి దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు శ్లాబు పోయించేశాడు. అలాంటి శ్లాబు చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగుతుంది. అటు మూడు మీటర్లు, ఇటు మూడు మీటర్లు ఉన్న మూత అంటే రెండు టన్నులకు పైమాటే. పెంకుల బరువు మోయడానికి పెట్టిన దూలాల మీద ఇంత భారం పడితే ఏమవుతుంది? ఓ దూలం అప్పటికే నడుం వంచింది. తూమును ఇటుకలతో పూడ్చేసి, దాని మీదుగా గచ్చు చేశారు. పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే.

గోడలన్నిటికీ సిమెంటు పూత. స్తంభాలకు ముదురాకుపచ్చ ఎనామిల్ రంగు. పడమటి వాలుకు పెంకుల బదులు సిమెంటు రేకులు. పాత గచ్చును తియ్యకుండానే దాని మీద ఇంకో గచ్చు, దాని మీద పలకలు. దాంతో గడపలు సగం కూరుకుపోయాయి. స్తంభాల కింద ఉండే రాతి దిమ్మెలు కనబడకుండా పోయి, టేకు పాదాలు నేరుగా సిమెంటులో దిగబడ్డాయి. బయట వీధిలోనేమో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో అరుగు ఎత్తు తరిగింది. వెరసి, వాన పడితే నీళ్లు లోపలికే దారి వెతుక్కుంటున్నాయి.

"మొదటి నెలంతా నేను రోజుకోసారి ఆ పాతాయన్ని తిట్టుకునేదాన్ని" అన్నారు ఆ ఇల్లాలు నవ్వుతూ.

గోడకి రెయిన్‌కోటు

సిమెంటు పూస్తే గోడ గట్టిపడుతుందని కదా అందరం అనుకుంటాం. మరి తేడా ఎక్కడొచ్చింది? ఈ ఇంటికి పనిచేస్తున్న తాపీమేస్త్రి ఒక్క మాటలో తేల్చేశాడు. "గోడకి గాలి ఆడాలండీ. సిమెంటేస్తే ఎండాకాలంలో రెయిన్‌కోటేసినట్టేనండి. లోపల చెమట్లు పట్టవాండీ మరీ!"

కోనసీమలో కొద్దిలోతు తవ్వితే చాలు, నీళ్లు పడతాయి. ఆ చెమ్మ పునాదిలోంచి ఇటుకల్లోకి పాకుతూనే ఉంటుంది. పాతకాలపు కట్టడాల్లో దాన్ని అడ్డుకునే పొర వేసేవారు కాదు. దాని బదులు గోడలనే గాలి ఆడేలా కట్టారు. సున్నంతో కట్టి, సున్నమే పూశారు. సున్నపు పూతలో సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి ఎక్కిన చెమ్మ ఎక్కినట్టే ఆవిరైపోయేది. దాని మీద దట్టమైన సిమెంటు పూత పడేసరికి బయటకు దారి మూసుకుపోయింది. దాంతో తడి ఇంకా పైకి ఎగబాకింది. నీటితోపాటు వచ్చిన లవణాలు పూత వెనకే గడ్డకట్టి, ఇటుకను పిండిపిండి చేశాయి. సిమెంటు పెచ్చు ఊడిన ప్రతిసారీ దానికి అంటుకుని కాస్త ఇటుక కూడా ఊడివచ్చేది. దాన్ని దాచడానికి మళ్లీ సిమెంటు!

ఇది పల్లెటూరి ఇంటికి వచ్చిన తిప్పలే కాదు. హైదరాబాద్‌లోని కుతుబ్‌షాహీ సమాధులకూ ఇదే జరిగింది. 20వ శతాబ్దంలో మరమ్మతుల పేరుతో వాటికి సిమెంటు పూశారు. 2013లో మొదలైన పునరుద్ధరణలో, ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ నిపుణుల ఆధ్వర్యంలో, ఆ పూతను ఒలిచి మళ్లీ సున్నం పూశారు. దిల్లీలోని హుమాయూన్ సమాధి కప్పు మీదయితే ఏళ్ల తరబడి పొరలు పొరలుగా పేరుకున్న కాంక్రీటు పది లక్షల కిలోలు! అదంతా కూలీలు చేత్తోనే జాగ్రత్తగా పగలగొట్టి దింపారు. అంటే, అక్కడా ఇక్కడా మొదటి పని కట్టడం కాదు... విప్పడం.

పగుల్లో దొరికిన పేపరు

ఆ విప్పుడులోనే అసలు కథ బయటపడింది. పడమటి గోడకున్న పెద్ద పగులును సిమెంటుతో మూసేముందు లోపల ఏవో కుక్కారు. గీకి చూస్తే చెక్కముక్కలు, గోనెపట్టా, ఓ న్యూస్‌పేపరు. అది 1996 నవంబరు నాటిది.

ఆ తేదీ చూడగానే పక్కింటి పెద్దాయన తలూపాడు. కోనసీమలో ఆ నెల గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. నవంబరు 6 రాత్రి విరుచుకుపడ్డ తుపానుకు కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి, ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయి, వందల ప్రాణాలు పోయాయి. "ఈ ఇంటి పడమటి వాలు మొత్తం లేచిపోయిందండి. పెంకులు కొందామంటే ఎక్కడా దొరికేవి కావు. పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టుకుంటాడండీ? దొరికిన రేకులేయించాడు, దొరికింది పగుల్లో కుక్కాడు" అని చెప్పుకొచ్చాడు. కొబ్బరి పోయింది, చేతిలో డబ్బు లేదు. తాత్కాలికం అనుకున్నది పాతికేళ్లు ఉండిపోయింది.

ఆ మాట విన్నాక ఆ ఇల్లాలి తిట్లు సగానికి తగ్గాయట. సగమే! ఎందుకంటే మిగతా సగానికి తుపాను సాకు లేదు. స్నానాలగది గొట్టాన్ని పెరట్లోకి తీసుకెళ్లకుండా పునాది పక్కనే వదిలేశారు. కరెంటు తీగలను గోడలో అతుకులేసి, టేపు చుట్టి, పైన పూత పూసేశారు. ఎర్తింగ్ ఊసే లేదు. "గతిలేక చేసిన పనిని క్షమించాం. కనబడదు కదా అని చేసిన పనిని మాత్రం క్షమించలేకపోయాం" అంటారు ఆమె భర్త. పాత ఇళ్లు బాగుచేసే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాల్సిన తేడా ఇది.

ముందు నీరు... తర్వాతే రంగు

కొన్న వెంటనే వాళ్లు ఏ పనీ మొదలుపెట్టలేదు. ఓ వానాకాలం అంతా ఇంటిని గమనించారు. నీళ్లు ఎక్కడ కారుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఏ గోడ ఎంత ఎత్తు వరకూ తడుస్తోంది... అన్నీ సుద్దముక్కతో గీతలు గీసి, ఫొటోలు తీసిపెట్టుకున్నారు. గోడంతా వేళ్లతో తట్టి చూశారు. బోలుగా మోగినచోట పూత ఇటుకను వదిలేసిందని గుర్తు.

ఆ తర్వాత వరస తప్పకుండా నడిచారు. ప్రాణాలు తీసేది కరెంటు కాబట్టి ముందు దాని సంగతి చూశారు. పాత తీగలు పూర్తిగా తీయించి, కొత్త వైరింగ్, ఎర్తింగ్ చేయించారు. శ్లాబు పని ఇంజినీరు లేకుండా ముట్టుకోలేదు. దూలాలకు కింద ఊతాలు పెట్టి, చిన్నచిన్న ముక్కలుగా కోయించి దింపారు. సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. కాబట్టి రేకులను పగలగొట్టకుండా, నీళ్లతో తడిపి ఒక్కొక్కటీ విప్పారు. పడగొట్టేస్తున్న వేరే ఇళ్ల నుంచి పెంకులు ఏరి తెచ్చారు.

పూడ్చిన తూము తెరిచారు, గొట్టాన్ని పునాదికి దూరంగా మళ్లించారు. ఆ తర్వాతే గోడల జోలికొచ్చారు. సిమెంటు ఒలిచాక గోడను కొన్ని నెలలు అలాగే బోసిగా ఆరనిచ్చారు. చూడ్డానికి బాగుండకపోయినా ఈ ఓపిక తప్పదు. తడి ఆరని గోడ మీద ఎంత మంచి పూత పూసినా దండగే.

పూతకు మళ్లీ సున్నమే వాడుతున్నారు. సున్నపురాయినో గుల్లలనో బట్టీలో 900 డిగ్రీల దాకా కాల్చి, నీళ్లలో వేస్తే కుతకుతా ఉడికి వెన్నలాంటి సున్నమవుతుంది. దాన్ని ఇసుకతో కలిపి గానుగలో రుబ్బుతారు. కరక్కాయ నీళ్లు, బెల్లం కలపడం పాతవాళ్ల పద్ధతి. సిమెంటులా రాత్రికి రాత్రే బిగుసుకోదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి నెమ్మదిగా మళ్లీ రాయవుతుంది. అందుకే పలచటి పూత పూసి, తడి ఆరిపోకుండా చూసుకుంటూ, తర్వాత ఇంకోటి వెయ్యాలి. ఖర్చు ఎక్కువ, చేయగల పనివాళ్లు తక్కువ. "మా నాన్న చేస్తుంటే చూశానండి. నేను చెయ్యడం మాత్రం ఇదే మొదలండి" అన్నాడు మేస్త్రి.

స్తంభాల పాదాలను వడ్రంగి చూశాడు. రెండు పుచ్చిపోయాయి. స్తంభం మొత్తం మార్చలేదు. దూలానికి ఊతమిచ్చి, పుచ్చినంత మేర కోసేసి, పాత టేకు ముక్కనే అతికాడు. పలకలు, పై గచ్చు తీసేయడంతో రాతి దిమ్మెలు మళ్లీ బయటపడ్డాయి. ఎనామిల్ ఒలిచి నూనె రాశారు. అతుకు కనబడుతోంది. కనబడనివ్వమన్నారు ఆ దంపతులు!

రేపటి యజమానికి

మేం వెళ్లినప్పటికి రెండు గోడల పూత ఇంకా మిగిలే ఉంది. వీధిలోంచి వచ్చే నీటికి అరుగు వెంబడి కాలువ తవ్వించాలి. అనుకున్న డబ్బు ఎప్పుడో దాటిపోయింది. అయితే, మండువాలో ఎండ పడుతోంది. మొదటి వాన పడ్డ రోజు ఇద్దరూ పీటలేసుకుని కూర్చుని చూశారట. నీళ్లు నాలుగువైపులా దూకి, కాస్త తటపటాయించి, తూములోకి వెళ్లిపోయాయట.

కరెంటు మీటరు పక్కన గూట్లో ఓ రేకుపెట్టె ఉంది. మూసేముందు తీసిన ప్రతి గొట్టం ఫొటో, ప్రతి తీగ దారి, ఏ గోడకు ఏం కలిపి పూశారో, ఏ స్తంభానికి అతుకు ఉందో రాసిన నోటుపుస్తకం అందులో ఉన్నాయి. పగుల్లో దొరికిన ఆ 1996 పేపరునూ అందులోనే దాచారు.

"మా తర్వాత ఇక్కడికి ఎవరొస్తారో తెలీదు. వాళ్లు మమ్మల్నీ తిట్టుకుంటారు, తప్పదు" అన్నారు ఆ ఇల్లాలు. "కనీసం ఎక్కడ తవ్వాలో తెలుసుకుని తిట్టుకుంటారు కదా!"