ముందుకి ఒంగిన బండి

పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఎచ్చెర్ల దాటి, చిలకపాలెం దగ్గర రాజాం వైపు మళ్లే బళ్లలో పాత క్వాలిస్‌లు ఇప్పటికీ కనిపిస్తాయి. టయోటా వాళ్లు 2000లో మన దేశంలో దింపి, 2005లో ఆపేసిన బండి అది. కంపెనీ మరిచిపోయినా పెళ్లివారు మరిచిపోలేదు. ఒకసారి పక్క నుంచి చూడండి. వెనక కమాన్ కట్టలకి అదనపు పట్టీలు వేయించి ఉంటారు కనుక వెనక ఎత్తు. ముందు మాత్రం మడ్‌గార్డు టైరు మీదికి దిగిపోయి ఉంటుంది.

దీనికి షెడ్డుల్లో వినిపించే మాట ఒకటే. "టార్షన్ బార్ లూజయిపోనాది బాబూ. బోల్టు రెండు సుట్లు బిగించీస్తే లెగిసిపోతాది."

లేవడం నిజమే. బిగుసుకోవడమే అబద్ధం.

టార్షన్ బార్ అంటే బండి పొడవు దిశలో కింద పడుకున్న ఒక ఉక్కు కడ్డీ. దాని ముందు కొస చక్రాన్ని పట్టుకున్న ఆర్మ్‌కి, వెనక కొస ఛాసిస్‌కి. చక్రం గతుకెక్కితే ఆర్మ్ లేస్తుంది, కడ్డీ మెలిపడుతుంది, మళ్లీ విడిపోతుంది. చుట్టలు లేవు, పట్టీలు లేవు. ఫెర్డినాండ్ పోర్షే 1931లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1934లో సిత్రోయెన్ కంపెనీ తన ట్రాక్షన్ అవాంట్ కారుకి పెట్టింది. మన దేశంలో ఇది అంబాసిడర్‌కి ఉండేది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని తెచ్చి ఉత్తరపారాలో తయారుచేసిన ఆ బండికి, 2014లో ఆఖరి కారు బయటికి వచ్చేదాకా, ముందు చక్రాల బరువంతా టార్షన్ బార్ల మీదే. కలెక్టర్ల దగ్గర్నుంచి టాక్సీవాళ్ల దాకా అన్నేళ్లు దాని మీదే ఊగారు, పేరు తెలిసినవాళ్లు తక్కువ.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో గోగునార తాడు పేనడం చూసినవాళ్లకి ఈ కడ్డీ గుట్టు సులువుగా అందుతుంది. ఒకడు ఒక కొస పట్టుకు కూర్చుంటాడు, ఇంకొకడు రెండో కొస తిప్పుతూ పురి ఎక్కిస్తాడు. కూర్చున్నవాడు మణికట్టు కాస్త తిప్పాడనుకోండి. ఎదుటివాడి చెయ్యి కూడా అదే వైపు అంతే తిరిగితే తాడులో పురి పెరగదు, తరగదు. ఇద్దరి చేతులూ ఉన్న తీరు మారుతుంది, అంతే. వెనక కొసన ఉన్న బోల్టు చేసేది సరిగ్గా ఇదే. అది తిప్పితే కడ్డీ మొత్తం కొంచెం తిరుగుతుంది, దాంతో ఆర్మ్ కిందికి వంగుతుంది, బండి పైకి లేస్తుంది. కడ్డీ మోసే బరువు మాత్రం అదే. బరువు మారనప్పుడు మెలికా మారదు.

కడ్డీ గట్టితనం బోల్టు చేతిలో లేదు. అది లోహం రకం, పొడవు, లావుల లెక్క. అందులోనూ లావుదే పెత్తనం: పది శాతం లావు పెంచితే గట్టితనం దాదాపు 46 శాతం పెరుగుతుంది. మరి బోల్టు బిగించిన బండి గతుకుల్లో కటువుగా ఎందుకు తగులుతుంది? ఆర్మ్ కింది హద్దుకి దగ్గరైపోయింది కనుక. చక్రం గుంతలోకి దిగాలంటే చోటు మిగలదు, వెంటనే రబ్బరు స్టాపర్‌కి కొట్టుకుంటుంది. ఆ దెబ్బనే మనం స్ప్రింగు బలం అనుకుంటాం.

కుశాలపురం వైపు నేను బండి ఇచ్చే ముసలి మెకానిక్ పానా పట్టేముందు టేపు పడతాడు. ముందు బంకుకి పంపి నాలుగు టైర్లలోనూ గాలి సమానం చేయిస్తాడు. చదునైన కాంక్రీటు మీద బండి నిలిపి, బానెట్ మీద చేతులు వేసి ఊపి, కాస్త ముందుకీ వెనక్కీ తోయించి, అప్పుడు చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలుస్తాడు. డ్రైవరు ఏళ్ల తరబడి కుడివైపే కూర్చున్నాడు కనుక కుడి కాస్త దిగి ఉండడం మామూలే. బుష్‌లు చితికిపోయాయేమో కూడా చూస్తాడు. అవి పోతే నింద కడ్డీ మీద వేయడం అన్యాయం. బోల్టు ఉన్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, జాకీ ఎక్కించి చక్రాన్ని గాల్లో వేలాడదీశాకే తిప్పుతాడు. బరువు మీద ఉండగా తిప్పితే మర తెగొచ్చు. ఒక పక్క లేపితే రెండో పక్క కూడా కాస్త కదులుతుంది. అందుకని కొంచెం ఇటు, కొంచెం అటు, దించి, ఊపి, మళ్లీ టేపు. విసుగు పుట్టించే పని. అతనికి విసుగు లేదు, చూసేవాళ్లకే.

ఒక కుర్రాడు పక్కనే నిలబడి బతిమాలడం విన్నాను. "ఇంకాస్త లేపీ మావా, స్కార్పియోలాగ అవుపించాల."

"అవుపించడానికైతే పైన కేరియర్ కట్టుకో నాయినా. దీన్నొగ్గీ."

ఆ మెకానిక్‌ది మొండితనం కాదు. అతిగా లేపిన బండికి సాధారణంగా చక్రం పైభాగం బయటికి వాలి టైరు బయటి అంచు అరుగుతుంది. బాల్ జాయింట్లు వాటికి అలవాటు లేని కోణంలో పనిచేస్తాయి. పైగా హెడ్‌లైట్ వెలుగు రోడ్డు వదిలి ఎదుటివాడి కళ్లలోకి లేస్తుంది. రాత్రి పైడిభీమవరం ఫార్మా కంపెనీల షిఫ్టు వదిలే వేళ మోటారు సైకిళ్ల మీద వచ్చేవాళ్లని అడగండి, చెబుతారు.

ఎత్తు కుదిరాక అలైన్‌మెంట్ తప్పదు. ఆర్మ్ కోణం మారితే చక్రాల దిశ కూడా మారుతుంది, ఆ ఖర్చు మిగుల్చుకున్నవాళ్లు టైర్ల మీద కట్టుకుంటారు. నాలుగు రోజులు తిరిగాక ఇంకోసారి టేపు పట్టాలి. బోల్టు మర చివరికొచ్చేసినా బండి లేవకపోతే కడ్డీ ఊడదీసి, దాని కొసన ఉన్న పళ్లలో ఒక పన్ను జరిపి మళ్లీ ఎక్కించాలి. కుడిది ఎడమకి వేయకూడదు. ఫ్యాక్టరీలోనే ఒక్కో కడ్డీని ఒక్కో వైపుకి మెలిపెట్టి సిద్ధం చేస్తారు. దాని మీద గీత పడినా అక్కడే పగులు మొదలవుతుంది, అందుకే ఆ మెకానిక్ పైపు పానా పెట్టి పట్టనివ్వడు. పళ్లు తుప్పు పట్టి కరుచుకుపోయి ఉంటే ముందురోజు రాత్రే నూనె పోసి వదలాలి. అందుకే ఆ పని చేయించుకోవాలంటే బండి సాయంత్రమే షెడ్డులో పెట్టి, తాళం ఇచ్చి, ఆటోలో ఇంటికి పొమ్మంటాడు.