పట్టానా? కౌలా?



మొన్న మా అబ్బాయి ఫోన్‌లో ఒక గేమ్ కొంటానని డబ్బులడిగాడు. "కొన్నాక అది ఎప్పటికీ నీదేనా?" అన్నాం. "మనదే నాన్నా" అన్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని నిబంధనలు చదివించాం. వాళ్లు అమ్మేది గేమును కాదట, ఆడుకునే అనుమతిని మాత్రమేనట. మన ఊరి మాటల్లో చెప్పాలంటే అది పట్టా కాదు, కౌలు.

గూగుల్ వారి స్టేడియా అనే ఆటల సేవ 2023 జనవరి 18న మూతపడింది. గేములకు కట్టిన డబ్బు తిరిగిచ్చారు. ఆటలు మాత్రం ఆ రోజుతో ఆగిపోయాయి. అనుమతి మాత్రమే ఇస్తూ, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనకూడదని కాలిఫోర్నియాలో 2025 నుంచి చట్టం అమల్లో ఉంది. న్యాయమైన మాటే.

లేవీయకాండము 25వ అధ్యాయంలో దేవుడు భూమిని శాశ్వతంగా అమ్ముకోవద్దన్నాడు. అది ఆయనది, మనం ఆయన దగ్గర ఉంటున్న పరవాసులం. పాసుపుస్తకంలో పేరున్నా మనం కౌలుదారులమే. పొలం గురించి ఈ మాట ఎన్నోసార్లు ప్రసంగించాం. కానీ ఆ రాత్రి నిద్రపోతున్న అబ్బాయిని చూస్తే గుండె బరువెక్కింది. వచ్చే నెల వాడు హాస్టల్‌కు వెళ్తున్నాడు. వాడి మీదా మాకు పట్టా లేదు.

ప్రియులారా, ఆటల దుకాణం మూసేవారికి మన పేరు తెలియదు. మన యజమానికి తెలుసు. ఆ ధైర్యంతోనే వాడి పెట్టె సర్దుతున్నాం. మీ పిల్లలనూ ఈ రాత్రి ఆయన చేతికి అప్పగించి ప్రార్థించండి. ఆమెన్.