నొసటి అద్దం, చెవి గొట్టం

మన విమర్శకులు కవిత్వాన్ని తూచారు, నవలను తూచారు, నాటకాన్నీ సినిమానూ కూడా తూచారు. వ్యంగ్యచిత్రాన్ని మాత్రం పత్రికలో మిగిలిన జాగా నింపే సరుకుగానే చూశారు. తలిశెట్టి రామారావు 1930 ప్రాంతాల "భారతి"లో బొమ్మలు వేసిననాటి నుంచి లెక్కవేస్తే తెలుగులో యీ కళకు తొంభై యేళ్ళు దాటాయి. ఇన్నేళ్ళలో మనం ఎవర్ని చూసి నవ్వామో, ఎందుకు నవ్వామో ఎవరైనా లెక్క తీస్తే మన మధ్యతరగతి చరిత్ర కొంత బయటపడుతుంది. నేనా లెక్క తియ్యబోవడం లేదు. రెండు పనిముట్ల సంగతి మాత్రం చెబుతాను. ఒకటి డాక్టరు నొసట వుండే గుండ్రటి అద్దం. రెండోది చెవిటివాడి చేతిలో వుండే గొట్టం. యీ రోజుల్లో అవి పాత కార్టూన్లలో తప్ప కనబడటం అరుదు. అయితే ఆ రెంటితోనూ మా యింటికి సంబంధం వుంది.

మాది సంగారెడ్డి పక్క ఇస్మాయిల్‌ఖాన్‌పేట. నా చిన్నతనంలో మా యింటికి పత్రికలు చందా మీద రాలేదు, తూకం మీద వచ్చాయి. సంగారెడ్డిలో పాత కాగితాల కొట్టు నుంచి మా నాన్న కిలోల లెక్కన వారపత్రికలు తెచ్చేవాడు. (మేము నాన్నను బాపు అంటాము. బొమ్మల బాపుగారితో పొరబడవద్దని యీ మాట.) వాటిలో నేను మొదట చూసేది కార్టూన్లే. అక్షరాలు సరిగా రాని పిల్లవాడికి కూడా వాటిలో ఎవరెవరో తెలిసిపోతుంది. గళ్ళ లుంగీ వుంటే రౌడీ, పిలక వుంటే పురోహితుడు, నొసట అద్దం వుంటే డాక్టరు. విదేశీ కార్టూన్లలో మొదలైన యీ అద్దం వాటిని చూసి వేసినవాళ్ళ చేతుల మీదుగా మన పత్రికల్లోకి కూడా వచ్చింది. పురుడు పోసే డాక్టరుకూ అద్దమే, కట్టు కట్టే డాక్టరుకూ అద్దమే.

నిజానికి అది చెవి, ముక్కు, గొంతు చూసే వైద్యుల పనిముట్టు. 1841లో హాఫ్‌మన్ అనే జర్మన్ పల్లెటూరి వైద్యుడు, నడుమ రంధ్రం వున్న పుటాకార దర్పణంతో చెవిలోకి వెలుతురు పంపవచ్చునని చూపాడు. 1855లో ఫాన్ ట్రోల్చ్ దానికి ప్రచారం తెచ్చాడు. రోగి తల పక్కన దీపం పెడతారు. దీపపు కాంతి అద్దం మీద పడి చెవిలోకి మళ్ళుతుంది. వైద్యుడు అద్దం మధ్యనున్న రంధ్రంలోంచి చూస్తాడు. చూపూ వెలుతురూ ఒకే దారిన పోతాయి గనుక నీడ పడదు. కరెంటు లేని చోట ఎండతో కూడా పని జరుగుతుంది. ఇంత తెలివైన, ఇంత చవక వస్తువు వైద్యంలో ఎన్నో లేవు. మనవంటి పల్లెలకు చేసినట్టే వుంటుంది, గాని అది పల్లెలకు వచ్చింది తక్కువ, పత్రికలకు వచ్చింది ఎక్కువ.

కార్టూన్లలో ఒక చిత్రం గమనించాను. అద్దం పనిచెయ్యాలంటే కంటి మీదికి దించుకోవాలి. కార్టూను డాక్టరు దాన్ని ఎప్పుడూ నొసటి మీదికి ఎత్తిపెట్టుకునే వుంటాడు, అంటే పనిచెయ్యని స్థితిలో. అది అప్పటికి సాధనం కాదు, కిరీటం. చిత్రకారుడు తెలిసి వేశాడో తెలియక వేశాడో గాని, మన సమాజంలో చదువుకున్నవాడి చేతి పనిముట్టుకు పట్టే గతి అదే.

థర్మామీటరు సంగతి ఒక్కమాటలో చెప్పి వదిలేస్తాను. జ్వరం ఎక్కువై పాదరసం పైకి తన్ని గాజు పగలడం కార్టూన్లలో పాత హాస్యం. కొడైకెనాల్‌లో పాదరసపు థర్మామీటర్లు తయారు చేసిన ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. పాదరసం అంటిన పగిలిన గాజు పాత సామాన్ల కొట్టులో బయటపడ్డ తర్వాత జరిగిందది. అక్కడ పనిచేసిన 591 మంది కార్మికులతో కంపెనీ ఒప్పందానికి వచ్చేసరికి 2016 అయింది. గాజు పగిలితే ఎవరి వొంట్లోకి ఏం పోతుందో ఏ కార్టూనూ వెయ్యలేదు.

ఇక చెవి గొట్టం. వెడల్పు మూతి మాట వైపు, సన్నని కొస చెవిలో. బీథోవెన్ అంతటివాడు కూడా దీన్ని వాడాడు. హెర్జే వేసిన టిన్‌టిన్ కథల్లో, 1953లో పుస్తకంగా వచ్చిన చంద్రయానం కథలో, కాల్క్యులస్ ప్రొఫెసరు అణుశక్తితో నడిచే రాకెట్టు తయారు చేస్తాడు, చెవిలో మాత్రం గొట్టం పెట్టుకుంటాడు. అప్పటికి ప్రపంచంలో ఏం జరిగిందో చూడండి. ట్రాన్సిస్టరు 1947లో పుట్టింది. దాన్ని పెట్టుకుని మామూలు జనానికి మొదట అమ్మకానికి వచ్చిన వస్తువు రేడియో కాదు, 1952 చివర వచ్చిన చెవి యంత్రం. అంటే గొట్టం బజారు విడిచి పోతున్నప్పుడే అది బొమ్మల్లో స్థిరపడింది. ఎందుకంటే చెవిలో ఇమిడిపోయే యంత్రం బొమ్మలో కనబడదు. కనబడకపోతే నవ్వు రాదు. నవ్వుకు చెవిటివాడు దూరం నుంచి గుర్తుపట్టేటట్టు వుండాలి.

మన భాషలో దానికి గొట్టం కూడా అక్కరలేదు. "చెవిటి మాలోకం" అంటే చాలు, "చెవిటివాడి ముందు శంఖం" అంటే చాలు. కుంటివాణ్ణి చూసి నవ్వడానికి కాస్త సిగ్గుపడేవాడు కూడా చెవిటివాడి దగ్గర ధారాళంగా నవ్వుతాడు. వాడికి వినపడదుగా!

పదేళ్ళ వయసులో నేనొక కార్టూను కత్తిరించి దాచుకున్నాను. వేసినవారి పేరు కత్తెరకు పోయింది. అందులో భార్య నెయ్యి లేదంటుంది. ముసలాయన చెవిలో గొట్టం పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా విని, చెయ్యి చాచి చూపిస్తాడు. బాపుకు చూపిస్తే ఆయన పడీ పడీ నవ్వాడు. అప్పటికాయన పటాన్‌చెరు దగ్గర ఒక ఫోర్జింగు షాపులో చేరి నాలుగేళ్ళయింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచిన తర్వాత ఆ దారి పొడుగునా ఫ్యాక్టరీలు వెలుస్తున్న రోజులవి. మా వూళ్ళో నౌకరీ అంటే పండుగ. ఎర్రగా కాలిన ఇనుప ముద్దను హ్యామరు కింద పెట్టడం ఆయన పని. చెవుల్లో పెట్టుకునేందుకు ఇంటి నుంచి దూది పట్టుకుపోయేవాడు. కంపెనీ ఏమీ ఇవ్వలేదు.

కొన్నేళ్ళకు మా యింట్లో ఆ కార్టూను మొదలైంది. అమ్మ "పాలు పోసిండ్రా?" అంటే బాపు "కాలుకేమైంది? బాగనే వుంది" అనేవాడు. మేము నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను, అది దాచి ప్రయోజనం లేదు. గట్టిగా అరిస్తే ఆయనకు కోపం వచ్చేది. "అరవకు బిడ్డా, ఇనవడతది. ఇనవడతది గని మాటేందో సమజ్ కాదు," అనేవాడు. ఆ మాటలో శాస్త్రం వున్నదని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది.

1996లో ఫ్యాక్టరీ వాళ్ళు ఆరోగ్య శిబిరం పెట్టారు. బాపు వెంట నేనూ పోయాను. అక్కడ చూశాను జీవితంలో మొదటిసారి నిజమైన నొసటి అద్దాన్ని. కార్టూను లేచి వచ్చి కుర్చీలో కూర్చున్నట్టనిపించి నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ డాక్టరు మంచివాడే. అద్దాన్ని కంటి మీదికి దించి, రెండు చెవులూ చూసి, గులిమి తీశాడు. తర్వాత శృతిదండాన్ని మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టాడు. "వినపడుతోందా?" "ఇనవడతంది సారూ." కాగితం మీద రెండు చెవులూ బాగున్నాయని రాసి సంతకం పెట్టాడు. వరుసలో ఇంకా రెండు వందలమంది వున్నారు.

సాధనాల సంగతి ఇక్కడ కొంచెం తెలుసుకోవాలి. అద్దానికి దారి కర్ణభేరి వరకే. రొద పాడుచేసేది కర్ణభేరిని కాదు, దాని వెనక లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో వున్న భాగంలోని సన్నని రోమకణాలను. అక్కడికి ఏ వెలుతురూ పోదు. ఇక శృతిదండం. డాక్టర్లు మామూలుగా వాడేది సెకనుకు 512 కంపనాలది. రొదవల్ల వచ్చే చెవుడు 4,000 కంపనాల దగ్గర మొదలవుతుంది. కింది స్వరాలు చాలాకాలం చెక్కుచెదరకుండా వుంటాయి. అంటే ఫ్యాక్టరీ చెవుడును 512 దండంతో పరీక్షించడం, ఇంటి వెనక దొంగ పడితే ముందు వాకిలికి తాళం వున్నదో లేదో చూసి పోవడం వంటిది. ఆడియోమీటరు అప్పటికి లేదా అంటే, 1920లలోనే తయారై అమ్మకానికి వచ్చింది.

పాత సాధనం కావడమే తప్పు అని నేను అనను. 1886లో గ్లాస్గోలో థామస్ బార్ అనే చెవి వైద్యుడు బాయిలర్లు తయారు చేసే కార్మికులు వందమందిని పరీక్షించాడు. ఒక్కడికి కూడా వినికిడి సక్రమంగా లేదని తేలింది. ఆయన చేతిలో వున్నది జేబు గడియారం! గడియారపు టిక్కుటిక్కు హెచ్చు స్వరం గనుక దెబ్బతిన్న చోటును అది పట్టిచ్చింది. బహిరంగ సభల్లో ఉపన్యాసం వినపడుతోందా అని కూడా ఆయన వాళ్ళను అడిగాడు. ఇది నన్ను చాలా ఆలోచింపజేసింది. బాపు మొదట్లో యూనియన్ మీటింగుల్లో వెనక నిలబడేవాడు, తర్వాత ముందు వరుసకు వచ్చాడు, తర్వాత మానుకున్నాడు. పిరికివాడైనాడని తోటివాళ్ళు అనుకున్నారు. నేనూ కొంతకాలం అట్లాగే అనుకున్నాను. బార్ ఆ గడియారం పట్టుకుని పోయింది కార్మికుడికి ఏం పోయిందో తెలుసుకోవడానికి. మా శిబిరం పెట్టింది ఏమీ పోలేదని రాసుకోవడానికి.

2007లో, ఉద్యోగం విడిచిన తర్వాత, హైదరాబాదులో ఆడియోమీటరు పరీక్ష చేయించాను. కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా వచ్చి 4,000 దగ్గర గోతిలో పడింది. పరిహారానికి దరఖాస్తు పెడితే 1996 కాగితం తీసి చూపించారు. రొద వల్ల వచ్చే చెవుడు వృత్తి రోగమని 1948 ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో వుండేది, దాని స్థానంలో వచ్చిన 2020 స్మృతిలో కూడా వుంది. చట్టానికి చెవుడు తెలుసు. మా బాపు చెవుడే తెలియలేదు.

ఆ గీత చూసిన రాత్రి నా కత్తిరింపు మళ్ళీ తీశాను. అచ్చులు కింది స్వరాల్లో బలంగా పలుకుతాయి. సకారం, చకారం, తకారం వంటి హల్లుల్లో చాలా వాటిని పోల్చుకోవడానికి హెచ్చు స్వరాలు కావాలి. అవి పోతే అచ్చులు మిగులుతాయి, హల్లులు రాలిపోతాయి. అప్పుడు నెయ్యి చెయ్యి అవుతుంది, పాలు కాలు అవుతుంది. మాట వుంటుంది, మాటేందో సమజ్ కాదు. అంటే నేను పదేళ్ళ వయసులో నవ్విన ఆ కార్టూను ఆడియోమీటరు గీతకు సరిగ్గా సరిపోతోంది! శృతిదండం పట్టుకున్న డాక్టరుకు చిక్కనిది ఎవరో పేరులేని చిత్రకారుడికి చిక్కింది. బహుశా వాళ్ళింట్లో ఒక ముసలాయన వుండి వుంటాడు. అతని గమనింపు గట్టిది. కాని ఆ ముసలాయన ఎక్కడ పనిచేసి వచ్చాడో బొమ్మలో లేదు. ఆయనకు గొట్టం ఇచ్చి, పడక కుర్చీలో కూర్చోబెట్టి, వయసు మీద నెట్టేశాడు. గొట్టం అంత పని చేసింది. ఇది చెవుడే, ముసలితనమే, ఇక అడిగేదేమీ లేదు అని మనకు చెప్పింది.

మా ప్రాంతం గురించి రాసినవాళ్ళు నక్కవాగు గురించి రాశారు. రాయవలసిందే. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు పోయింది. వాగు రంగు మారితే ఫొటో తియ్యవచ్చు, చచ్చిన చేపలను కలెక్టరు కచేరీ ముందు పొయ్యవచ్చు. చెవిలో రాలిపోయిన కణాలను ఎక్కడ పొయ్యాలి? మా విద్యార్థుల్లో బొమ్మలు వేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. హ్యామరు షాపు బొమ్మ వెయ్యమన్నాను. ఒకడు రొదను ఎట్లా వేస్తారు సార్ అన్నాడు. మంచి ప్రశ్న. నాకు జవాబు తెలియలేదు.

బాపుకు చెవి యంత్రం కొనిచ్చాను. పెట్టుకుంటే గిన్నెల చప్పుడు గుచ్చుకుంటుందని తీసి డబ్బాలో పెట్టాడు. ఎవరైనా వస్తే అరచెయ్యి చెవి వెనక దొప్పలాగా పెట్టుకుంటాడు. అన్నిటికన్నా పాత గొట్టం అదే. ఆ ఆడియోమీటరు కాగితమూ, కార్టూను కత్తిరింపూ ఒకే కవరులో వున్నాయి. అప్పుడప్పుడు ఆయన కవరు తీసి చూస్తాడు. కాగితం పక్కన పెట్టి బొమ్మే చూస్తాడు. ఇప్పటికీ నవ్వుతాడు.