రెండు కొండల నడుమ నాదెండ్ల

నాదెండ్ల అనగానే మన తెలుగువారిలో చాలామందికి మొదట స్ఫురించేది ఊరు కాదు, ఇంటిపేరు. సాహిత్యం చదువుకున్నవారికి నాదెండ్ల గోపమంత్రి గుర్తుకు వస్తాడు. రాజకీయాలు ఎరిగినవారికి 1984లో నెలరోజులపాటు ముఖ్యమంత్రిగా ఉన్న నాదెండ్ల భాస్కరరావుగారు గుర్తుకు వస్తారు. ఇంటిపేరు రాజ్యాలేలి, గ్రంథాలకెక్కి, దేశమంతా తిరిగివచ్చింది. ఊరు మాత్రం చిలకలూరిపేటకు కూతవేటు దూరంలో, నల్లరేగడి చేల మధ్య ఉన్నచోటనే ఉన్నది.

ఆ ఊరికి ఈశాన్యంగా కొండవీటి కొండ. పడమటి దిక్కున కోటప్పకొండ. చేలలో నిలబడి ఒకసారి అటూ ఒకసారి ఇటూ తలతిప్పితే, తెలుగుదేశపు చరిత్రలో రెండు పెద్ద అధ్యాయాలు చూచినట్లే. పూర్వం ఈ సీమకు "కొండపడమటి" అని పేరు. కొండవీటి కొండకు పడమరనున్న నేల అని అర్థం. 11, 12 శతాబ్దాలలో ఆ పేరుతోనే ప్రసిద్ధులైన సామంతరాజులు నాదెండ్ల రాజధానిగా ఈ సీమను పాలించారు. బుద్ధవర్మ వారి వంశకర్త. మూలస్థానేశ్వరస్వామి ఆలయంలోని శాసనాలు ఆ కాలపు సంగతులను ఇప్పటికీ చెబుతున్నవి. దర్శనానికి వచ్చినవారు స్వామికి దండం పెట్టి, రాతిమీది అక్షరాలవంక ఒక చూపు చూచి వెళ్ళిపోతారు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా వచ్చింది. నాదెండ్ల అందులో చేరింది. అసలు పల్నాడంటే మాచర్ల, గురజాల, కారెంపూడి ప్రాంతం. కొండపడమటి సీమ దానికి పొరుగేగాని, అది ఇది కాదు. ఈ సంగతే గుడి ముందు కూర్చున్న ఒక పెద్దాయనతో ముచ్చటించాను.

"మమ్మల్ని పల్నాట్లో కలిపారుగదా మేష్టారూ, ఇహ మాక్కూడా పౌరుషం వస్తదంటారా?" అని ఆయనే ఎదురు ప్రశ్న వేశాడు.

"ఇంతకుముందు లేదా ఏమిటి బాబాయిగారూ?"

"లేకేం? మాది కాయితాల పౌరుషం. గట్టు తగాదా వస్తే కోర్టుకు పోతాం. తాత వేసిన దావా మనవడిదాకా నడుస్తది. అటువైపు వాళ్ళకు అంత ఓపిక ఉండదు!"

ఆయన నవ్వులాటకే అన్నాడు. కాని ఆ మాటలో ఒక పెద్ద ప్రశ్న ఉన్నది. ఒకే భాష, ఒకే పంటలు, ఒకే దేవుళ్ళు. అయినా నాలుగు ఆమడలు దాటేసరికి మనుషుల తీరు వేరు అని అందరూ నమ్ముతారు. ఆ తేడా నెత్తురులో ఉన్నదా, నేలలో ఉన్నదా? లేక, ఏ జనం ఏ కథను ఎట్లా గుర్తుపెట్టుకున్నారన్నదానిలో ఉన్నదా?

ముందు కొండవీడు సంగతి చూద్దాము. ఇప్పుడు కొండమీదికి ఘాట్ రోడ్డు ఉన్నది. చెరువులు, శిథిలమైన బురుజులు చూచి సాయంత్రానికి దిగిరావచ్చు. ఇది 14వ శతాబ్దం మొదలు సుమారు నూరేండ్లు రెడ్డిరాజుల రాజ్యం. కుమారగిరి రెడ్డికి వసంతోత్సవాలంటే ఎంత ప్రీతి అంటే, ఆయనకు వసంతరాయడని బిరుదే వచ్చింది. ఉత్సవాలకు కావలసిన సుగంధద్రవ్యాలను సముద్రాలమీద తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు "హరవిలాసం" అంకితమిచ్చినది ఈ సెట్టిగారికే. పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారి. దానపత్రాలు, శాసనాలు, కావ్యాలు, వర్తకం - ఇది కొండవీటి సంస్కృతి. గట్టు తగాదాను కాగితంమీదికి ఎక్కించే అలవాటు ఇక్కడిది కాబోలు!

1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని జయించాడు. తరువాత ఈ దుర్గాన్ని ఏలినవాడు మన నాదెండ్ల గోపమంత్రి, తిమ్మరుసుకు మేనల్లుడు. ఈయన కోటను కాపాడుతూనే ఒక సంస్కృత నాటకానికి వ్యాఖ్య వ్రాశాడు. నాటకం కృష్ణమిశ్రుని "ప్రబోధచంద్రోదయం", వ్యాఖ్య పేరు "చంద్రిక". ఆ నాటకంలో మనస్సు అనే రాజుకు ప్రవృత్తి, నివృత్తి అని ఇద్దరు భార్యలు. ఒకరి సంతానం మహామోహుడు, మరొకరి సంతానం వివేకుడు. ఒక తండ్రి బిడ్డలే దాయాదులై యుద్ధానికి దిగుతారు. చివరకు వివేకం గెలిచి, జ్ఞానమనే చంద్రుడు ఉదయిస్తాడు.

ఈ కథ చదువుతున్నప్పుడు పల్నాటి కథ గుర్తుకు రాకుండా ఉండదు. అక్కడా ఒక తండ్రి అనుగురాజు. వేరువేరు భార్యలకు పుట్టిన బిడ్డలు నలగామరాజు, మలిదేవరాజు. ఒకరు గురజాలలో, మరొకరు మాచర్లలో. ఒకవైపు నాగమ్మ మంత్రాంగం, మరొకవైపు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్లవారు వలసపోవడం, గడువు తీరాక రాయబారం వెళ్ళిన అలరాజు విషప్రయోగంతో మరణించడం, 12వ శతాబ్దం చివర కారెంపూడి వద్ద నాగులేటి ఒడ్డున యుద్ధం - ఇది తెలుగు పిల్లలందరికీ తెలిసిన కథే.

ఒకే దాయాదిపోరు. కొండవీటి మంత్రి దానిని మనస్సులోని యుద్ధంగా చదివి వ్యాఖ్యానించాడు. పల్నాడు మాత్రం నేలమీద నడిచిన యుద్ధంగా పాడుకున్నది, పూజించింది. ఈ రెండింటినీ కలిపే దారి ఒకటున్నది. ఆ దారిన నడిచినవాడు శ్రీనాథుడే. పల్నాటి రాళ్ళను, జొన్నకూటిని ఎగతాళి చేసిన చాటువులు ఆయన పేర ప్రచారంలో ఉన్నవి. ఆ పల్నాటి వీరులను కీర్తించిన మంజరీ ద్విపద "పల్నాటి వీరచరిత్ర" కూడా ఆయన పేరనే ఉన్నది. దానిని 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు అచ్చువేయించారు. సుగంధాల కొలువునుంచి వచ్చిన కవి జొన్నకూడు చూచి ముఖం చిట్లించాడు. కథ విని తలవంచాడు. జొన్నల మాటకు వస్తే, అదీ పాతబడింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలలో నీరు పారినప్పటినుంచి పల్నాటిలో వరి, మిరప పండుతున్నవి.

కార్తీకమాసం చివర కారెంపూడికి వెళ్ళి చూడండి. కార్తీక అమావాస్యనుంచి అయిదు రోజులు వీరుల తిరునాళ్ళు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు - రోజుకొక ఘట్టం. వీరుల ఆయుధాలని నమ్మే కొణతాలను పట్టుకొని ఆచారవంతులు ఊరూరునుంచి వస్తారు. కథను గానం చేసేవారు వీరవిద్యావంతులు, ఎక్కువగా మాల కులస్థులు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘెయిర్ 1982లో ఇంగ్లీషులో ప్రకటించిన పల్నాటి కథ కూడా అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడినదే. పుస్తకాలలో చదివితే ఇది చరిత్ర. డప్పుల మోతలో, సాంబ్రాణి పొగలో చూస్తే నిన్న జరిగిన సంగతి!

ఈ అయిదు రోజులలో కోడిపోరు ఉన్నది, చాపకూడూ ఉన్నది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. కన్నమదాసును కొడుకుగా చూచుకొని సేనకు నాయకుణ్ణి చేశాడు. బాలచంద్రుని వెంట నడిచినవారిలో బ్రాహ్మణుడూ ఉన్నాడు. కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి కూడా ఉన్నారు. ఎనిమిది వందల ఏండ్లుగా మందపోరునాడు ఆ చాపకూటిని తలచుకుంటున్న జనం ఇది. కాని బయటివాళ్ళకు పల్నాడంటే గుర్తు వచ్చేది కోడిపోరే. 2024 మే నెలలో పోలింగు తరువాత జిల్లాలో అల్లర్లు జరిగినప్పుడు, "పల్నాటి నెత్తురే అంత" అని ఎంతమంది అనలేదు!

నెత్తురు అంటే ఇక చేయవలసిందేమీ లేదు. నేరం చేసినవాడిని వదిలి, ఎనిమిది వందల ఏండ్లనాటి కోడిపుంజుమీద తప్పు మోపడమే అవుతుంది. ఎక్కడో ఉత్తర సముద్రాలలోని ఐస్‌లాండ్ దేశాన్ని తీసుకోండి. అక్కడా పూర్వం కుటుంబాలకు కుటుంబాలు పగబట్టి తరతరాలు చంపుకున్నవి. 13వ శతాబ్దంలో ఆ పగలనే కథలుగా వ్రాసుకున్నారు. ఆ "సాగా"లను ఇప్పటికీ పిల్లలు బడిలో చదువుతారు. పగ మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది. దేశం ప్రశాంతతకు పేరు పొందింది. వీరగాథ ఉన్నంతమాత్రాన వీధిలో కత్తి ఉండాలని లేదు.

అంతదూరం ఎందుకు? నాదెండ్లకు పడమర ఉన్న కోటప్పకొండ చాలదా? మహాశివరాత్రికి త్రికూటేశ్వరస్వామి సన్నిధికి ఊరూరునుంచి ప్రభలు కదులుతాయి. ఆకాశాన్నంటే వెదురుగడల కట్టుబడి, రంగుగుడ్డలు, విద్యుద్దీపాలు. పురుషోత్తమపట్నం ప్రభ పెద్దదా, కావూరు ప్రభ పెద్దదా అని పందాలు. పట్టుదల తక్కువేమీ కాదు. ఇంటింటా చందాలు, నెలరోజుల చాకిరీ, దారిలో కరెంటు తీగలు, కాలువ గట్లు! కాని ఆ పోటీలో గెలవాలంటే ఊరంతా ఒకటై తాళ్ళు పట్టుకోవాలి. ఒక్క వర్గం పట్టుకుంటే ప్రభ నిలబడదు. పౌరుషాన్ని భక్తి ఏ పనికి పురమాయించవచ్చునో ఆ రాత్రి కొండకింద చూడవలసిందే.

కాబట్టి చరిత్ర ఒక జనాన్ని తీర్చిదిద్దుతుందన్నమాట నిజమేగాని, అది సగమే. ఆ చరిత్రలో ఏ ఘట్టాన్ని పండుగ చేసుకోవాలి, ఏ ఘట్టాన్ని హెచ్చరికగా దాచుకోవాలి అన్నది ఆ జనం చేతిలో ఉన్నది. మనలో ఎంతమందిమి చాపకూటికి చేతులు జోడించి, మరునాడు మన ఊళ్ళో పక్క పేటవాడిని గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడుతున్నామో ఎవరికి వారే చూచుకోవాలి. పల్నాటివాళ్ళను అనే ముందు ఇది మనందరి సంగతి.

జిల్లా పేరు మారినందువల్ల నాదెండ్లకు కొత్తగా కత్తి రాదు. ఉన్న గ్రంథమూ పోదు. వివేకుడు, మోహుడు ఒకే ఇంటి బిడ్డలని వ్యాఖ్యానించిన మంత్రి ఊరూ, ఒకే చాపమీద అన్నం తిన్న వీరుల సీమా ఇప్పుడు ఒకే పేరు కింద ఉన్నవి. ఇది మంచి కలయికేనని నా అభిప్రాయం.

వెళ్ళదలచినవారు చిలకలూరిపేటలోగాని నరసరావుపేటలోగాని దిగి నాదెండ్ల చేరవచ్చు. మూలస్థానేశ్వరుని, గోవర్ధనస్వామిని దర్శించి, శాసనాలవద్ద కాసేపు నిలబడండి. కార్తీకంలోనైతే అక్కడినుంచి కారెంపూడి వెళ్ళండి. పిల్లలను తప్పకుండా వెంటబెట్టుకు వెళ్ళండి. కోడిపోరు వాళ్ళు ఎట్లాగూ చూస్తారు. మందపోరునాటి చాపకూటి పంక్తిలో మాత్రం మీరే చెయ్యిపట్టి కూర్చోబెట్టాలి.